రొయ్యల రేటు కోసం యాప్ వేసుకున్న మనిషిని మొదటి రెండు నిమిషాల్లో పోగొట్టుకోకుండా ఉండాలంటే

ఆకివీడు వైపు ఒక చెరువు గట్టు. సాయంత్రం మేత వేయించి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి చూసుకున్నాక ఒక రైతు, ఎవరో చెప్పారని రొయ్యల రేట్ల యాప్ ఫోన్‌లో వేసుకున్నాడనుకోండి. ఆయనకి కావలసింది ఒక్కటే: ఇవాళ 60 కౌంట్ (కిలోకి 60 తూగే రొయ్యలు) ఎంత నడుస్తోంది? యాప్ తెరిస్తే ముందు లోగో. తర్వాత నవ్వుతున్న రైతు బొమ్మలతో మూడు స్లైడ్లు. ఆపైన వరసగా భాష, ఫోన్ నంబరు, ఓటీపీ, లొకేషన్ అనుమతి, నోటిఫికేషన్ అనుమతి, కాంటాక్టుల అనుమతి. ఇవన్నీ దాటాక పేరు, జిల్లా, మండలం, ఎకరాలు, భూమి పాస్‌బుక్ నంబరు అడిగే ఫారం. రేటు పన్నెండో తెర మీద ఉంది. ఈలోగా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఒకటి ఆగిందని పనివాడు కేకేశాడు, ఫోన్ జేబులోకి వెళ్లింది. ఆ యాప్ మళ్లీ తెరుచుకోదు.

కొత్త మనిషిని యాప్‌కి అలవాటు చేసే ఈ మొదటి తెరల వరసనే ఆన్‌బోర్డింగ్ అంటున్నాం. అందులో ప్రతి తెరా వచ్చినవాడికి ఏదో ఒకటి ఇస్తుంది, లేదా ఏదో ఒకటి అడుగుతుంది. ఏది ముందు వచ్చిందన్నదే మొదటి అభిప్రాయాన్ని తేలుస్తుంది. 1946లో సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మనిషి గురించి ఆరు మాటలు చదివి వినిపించాడు: తెలివైనవాడు, కష్టపడేవాడు, తొందర మనిషి, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయపరుడు. ఈ వరసలో విన్నవాళ్లకి ఆ మనిషి మీద మంచి అభిప్రాయం కలిగింది. అవే ఆరు మాటలు తిరగేసి చెబితే విన్నవాళ్లకి అతను అంతగా నచ్చలేదు. మాటలు మారలేదు, వరస మారింది. మీ యాప్‌లో కూడా రేటూ అదే, ఫారమూ అదే. ఫారం ముందొస్తే వివరాలు గుంజుకునే యాప్, రేటు ముందొస్తే పనికొచ్చే యాప్.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: వచ్చినవాడికి ముందు చేతిలో పెట్టండి, అడగవలసింది అవసరం పడిన చోట అడగండి. ఉదాహరణకి రేట్ల యాప్ తీసుకున్నాం గానీ కొబ్బరి, వరి, ట్రాక్టరు అద్దె, కడియం మొక్కల వ్యాపారం, దేనికైనా పద్ధతి ఇదే.

తెరవకముందే

అభిప్రాయం ప్లే స్టోర్‌లోనే మొదలవుతుంది. అక్కడ పెట్టే స్క్రీన్‌షాట్లలో మొదటిది తెలుగులో ఉండాలి, అందులో అసలు రేట్ల పట్టిక కనబడాలి. నినాదాలున్న పోస్టరు పెడితే లోపల ఏముందో తెలియదు. యాప్ సైజు సాధ్యమైనంత తగ్గించండి. ఫోన్‌లో జాగా నిండిపోయి వాట్సాప్ ఫొటోలు తుడుచుకుంటున్న మనిషికి 90 ఎంబీ యాప్ అంటే, దానికోసం ఇంకేదో తీసెయ్యాలని అర్థం.

తెరిచాక ఎంతసేపు పడుతుందో 2, 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ మీద కొలవండి. వెనకెక్కడా నడవకుండా పూర్తిగా మూసి ఉన్న యాప్ తెరుచుకోవడానికి 5 సెకన్లు, అంతకుమించి పడితే గూగుల్ తన ఆండ్రాయిడ్ వైటల్స్ కొలతల్లో దాన్ని మితిమీరిన ఆలస్యం కింద లెక్కేస్తుంది. ఆలస్యానికి మామూలు కారణం మ్యాపు, ప్రకటనలు, అనలిటిక్స్ (వాడకం లెక్కలు) లైబ్రరీలన్నిటినీ మొదటి క్షణంలోనే లేపడం. రేటు చూపించడానికి వాటిలో ఏదీ అక్కర్లేదు, తెర కనబడ్డాక లేపండి. ఇంకో చిన్న పొరపాటు: ఆండ్రాయిడ్ 12 నుంచి లోగో తెరని ఫోనే చూపిస్తుంది. పాతకాలం అలవాటుతో మీ లోగో తెర కూడా ఉంచేస్తే రెండు లోగోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రెండోది తీసెయ్యండి.

తెలుగు అంటే తెలుగే రావాలి

భాష అడిగే తెర ఒక్కటి మొదట్లో ఉండొచ్చు, అదైనా ఒక్క నొక్కుతో అయిపోవాలి. గోదావరి డెల్టా కోసం కట్టిన యాప్‌లో తెలుగు ముందే ఎంచి ఉండాలి, ఇంగ్లీషు పక్కన చిన్నగా. ఫోన్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి మనిషికి ఇంగ్లీషు కావాలనుకోకండి. కొన్న రోజు షాపులో ఎలా పెట్టి ఇచ్చారో అలాగే వాడుతున్న ఫోన్లు చాలా ఉంటాయి.

ఇక్కడే చాలామందిని ముంచే లోపం ఒకటుంది. ప్లే స్టోర్‌కి ఇప్పుడు ఆండ్రాయిడ్ యాప్ బండిల్ రూపంలో, అంటే అన్ని భాషల ఫైళ్లూ కలిపిన ఒకే మూటగా పంపుతున్నాం. స్టోరు ఆ బండిల్‌లోంచి ఫోన్ సెట్టింగుల్లో ఉన్న భాషల మాటలనే దించుతుంది. ఫోన్ ఇంగ్లీషులో ఉంటే తెలుగు మాటల ఫైలు అసలు రాదు. మనిషి మీ తెర మీద 'తెలుగు' నొక్కుతాడు, యాప్ మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. మీ ఆఫీసులో పరీక్షించినప్పుడు బాగానే పనిచేసి ఉంటుంది, ఎందుకంటే నేరుగా ఎక్కించిన ఫైల్లో అన్ని భాషలూ ఉంటాయి. దీనికి మందు రెండు రకాలు: బండిల్ సెట్టింగుల్లో భాషల విభజనని ఆపేయడం, లేదా భాష ఎంచిన క్షణంలో ఆ ఫైలుని స్టోర్ నుంచి తెప్పించుకోవడం. మొదటిదే మేలు. రెండు భాషల మాటలు కలిపినా పెరిగే సైజు చాలా తక్కువ, రెండోదానికి ఆ క్షణంలో సిగ్నల్ ఉండాలి.

అక్షరాల సంగతి. తెలుగుకి పైన గుడి, కింద వత్తు. ఇంగ్లీషు లెక్కన కట్టిన బటన్‌లో 'రాష్ట్రం' అని పెట్టి చూడండి, కింద వత్తులు కోసుకుపోతే ఎత్తు చాలలేదన్నమాట. బటన్లకి, పెట్టెలకి స్థిరమైన ఎత్తు ఇవ్వకండి, అక్షరాన్ని బట్టి పెరగనివ్వండి. వరసల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంటే చదవడానికి హాయిగా ఉంటుంది. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలు బాగా పెద్దవి చేసి ప్రతి తెరా మళ్లీ చూడండి. యాభై దాటినవాళ్లు కళ్లజోడు గట్టు మీదకి తెచ్చుకోరు, అక్షరాలే పెద్దవి చేసుకుంటారు. అలా పెంచినప్పుడు కిందున్న 'తర్వాత' బటన్ తెర కిందకి జారిపోయి కనబడదు. ముందుకెళ్లే దారి లేక మనిషి ఆగిపోతాడు, మీ లెక్కల్లో మాత్రం 'ఆసక్తి లేదు' అని పడుతుంది.

మాటల ఎంపిక అన్నిటికంటే ముఖ్యం, అయినా చివరి రోజున ఎవరికో అనువాదానికిచ్చి చేతులు దులుపుకుంటున్నది కూడా దీన్నే. 'సమర్పించు' అనే బటన్ చూస్తే గుళ్లో హుండీ గుర్తొస్తుంది. 'పంపండి' చాలు. 'దాటవేయి' అని ఎవరూ అనరు, 'తర్వాత చూస్తాను' అనండి. లాగిన్, ఓటీపీ, నంబరు లాంటి మాటల్ని తెలుగు చెయ్యబోకండి, అవి ఊళ్లో ఎప్పుడో తెలుగైపోయాయి. వరి యాప్‌లో 'ఖరీఫ్, రబీ' అని ఉంటే అది వ్యవసాయ శాఖ కాగితం భాష. డెల్టాలో సార్వా, దాళ్వా. భూమి హెక్టార్లలో అడిగితే గుణకారం రైతు నెత్తిన పడుతుంది. ఎకరాలు, సెంట్లు అని రెండు పెట్టెలు పెట్టి, వంద సెంట్లు ఎకరం లెక్కన మీరే మార్చుకోండి. రొయ్యలకి 'పంట కోత' రాసినవాడు చెరువు చూడలేదని మొదటి తెరలోనే తెలిసిపోతుంది. అక్కడి మాట పట్టుబడి.

గోదావరి మర్యాద చూపిద్దామని 'ఆయ్' లాంటివి యాప్‌లో పెట్టకండి. సినిమా వాళ్లు వాడి వాడి అది వెక్కిరింపులా వినిపిస్తోంది. 'అండి' సరిపోతుంది, అది కూడా పలకరింపులోనూ, తప్పు జరిగినప్పుడు చెప్పే మాటలోనూ. బటన్ మీద పొట్టి మాటే మర్యాద.

మొదటి అసలు తెర

భాష నొక్కగానే రేట్ల పట్టిక రావాలి. స్లైడ్లు వద్దు. యాప్ ఏం చేస్తుందో మూడు బొమ్మలతో చెప్పవలసి వస్తోందంటే, అసలు తెర ఆ సంగతి చెప్పలేకపోతోందని అర్థం. దాన్ని బాగుచెయ్యండి.

ఆ తెరని దగ్గరగా చూద్దాం. పైన పెద్ద అక్షరాల్లో 'ఇవాళ్టి రేట్లు, భీమవరం'. దాని కిందే తేదీ, వేళ. తర్వాత వరసలు: 30 కౌంట్, 40, 50, అలా 100 దాకా, ఒక్కోదాని ఎదురుగా కిలో రేటు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్నది కాబట్టి 100 కౌంట్ అంటే రొయ్య 10 గ్రాములు, 50 అంటే 20 గ్రాములు. ఆ గ్రాములు కూడా చిన్నగా పక్కన వేస్తే, వలేసి నాలుగు రొయ్యలు తూచి చూసుకున్న రైతుకి తన వరస ఏదో వెంటనే దొరుకుతుంది. ఆ రేటు చెరువు దగ్గర కొనేదా, ప్రాసెసింగ్ ప్లాంటుకి చేర్చి ఇచ్చేదా అన్నది పట్టిక మీదే రాయాలి. ఇది రాయని పట్టిక ఎంత అందంగా ఉన్నా, వ్యాపారి ఫోన్‌లో చెప్పిన రేటుతో తేడా రాగానే యాప్ అబద్ధమాడుతోందన్న పేరు పడుతుంది.

వరస ఎత్తు కనీసం 48 డీపీ (తెర మీది సైజులకి ఆండ్రాయిడ్ వాడే యూనిట్) ఉంచండి, ఆండ్రాయిడ్ నొక్కే చోటుకి చెప్పే కొలత అదే. గట్టు మీద చెయ్యి తడిగా ఉంటుంది, తడి వేలికి తెర సరిగా పలకదు, పక్క వరస నొక్కుకుంటుంది. తెల్ల తెర మీద లేత బూడిద అక్షరాలు ఏసీ గదిలో నాజూగ్గా కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం చెరువు మీద కనబడనే కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ 4.5కి 1 తేడా కనీసం ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఎండలో చదవాలంటే అంతకుమించి, 7కి 1 దాకా తీసుకెళ్లండి. చూపు పడగానే కుదిరే అభిప్రాయం సంగతి కూడా ఇక్కడే. 2006లో లిండ్‌గార్డ్ బృందం వెబ్ పేజీల మీద చేసిన ప్రయోగాల్లో, పేజీ బాగుందో లేదో 50 మిల్లీసెకన్లలోనే జనం తేల్చేసుకున్నారు. అంత తక్కువ వ్యవధిలో ఎవరూ ఏదీ చదవరు, గజిబిజిగా ఉందా లేదా అన్నదే చూస్తారు.

సిగ్నల్ లేకపోతే? లంక గ్రామాల్లోనూ, నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు మీద దాటేటప్పుడూ డేటా ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. తిరుగుతూనే ఉండే గుండ్రటి గుర్తు చూపించకండి. ఫోన్‌లో దాచిన ఆఖరి రేటు చూపించి, 'ఇది నిన్న సాయంత్రం 6 గంటల రేటండి, సిగ్నల్ రాగానే కొత్తది చూపిస్తాం' అని రాయండి. ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసినవాడి ఫోన్‌లో దాచిన రేటంటూ ఉండదు కాబట్టి పట్టిక చట్రం, ఒక 'మళ్లీ చూడండి' బటన్ ఉంచండి. పాత రేటుకి తేదీ వెయ్యకుండా చూపించడం మాత్రం అన్నిటికంటే పెద్ద తప్పు. దాన్ని నమ్మి బేరం ఆడినవాడు మిమ్మల్ని పదిమందిలో తిడతాడు.

ఓటీపీ

రేటు చూడటానికి లాగిన్ అక్కర్లేదు. తన కౌంట్ గుర్తుపెట్టుకోమన్నప్పుడో, రేటు మారితే చెప్పమన్నప్పుడో నంబరు అడగండి. అప్పుడు ఎందుకడుగుతున్నారో ఆయనకే తెలుసు.

ఓటీపీ మెసేజ్ చదవడానికి ఎస్సెమ్మెస్ అనుమతి అడగకండి. ప్లే స్టోర్ దాన్ని చాలా యాప్‌లకి ఒప్పుకోదు, అదీగాక మెసేజ్‌లన్నీ చదువుతానంటే ఎవరికైనా భయమే. దానికి బదులు గూగుల్ ఎస్సెమ్మెస్ రిట్రీవర్ ఉంది. మెసేజ్ చివర మీ యాప్‌కి చెందిన 11 అక్షరాల గుర్తు ఉంటే, ఆ ఒక్క మెసేజ్‌నే ఫోన్ మీ యాప్‌కి అందిస్తుంది. అయిదు నిమిషాలు కాచుకుంటుంది. ఇక్కడ పడే గుంట ఏమిటంటే, ఆ 11 అక్షరాలు యాప్ సంతకాన్ని, అంటే యాప్ ఎవరిదో చెప్పే డిజిటల్ ముద్రని బట్టి తయారవుతాయి. మీ కంప్యూటర్లో కట్టిన యాప్ సంతకం వేరు, ప్లే స్టోర్ తన తాళంతో సంతకం చేసి పంపేది వేరు. మీ దగ్గర ఓటీపీ దానంతటదే నిండుతుంది, జనం దగ్గర నిండదు. స్టోర్ సంతకంతో లెక్కకట్టిన గుర్తునే మెసేజ్ టెంప్లేట్‌లో పెట్టాలి. ఆ టెంప్లేట్ డీఎల్‌టీలో (టెలికాం కంపెనీలు వ్యాపార మెసేజ్‌లు నమోదు చేసే వ్యవస్థలో) ముందే నమోదై ఉండాలి కాబట్టి గుర్తు తప్పయితే సవరణకి రోజులు పట్టొచ్చు. విడుదలకి ముందే సరిచూసుకోండి.

మెసేజ్ తెలుగులో పంపితే మంచిదే, పొడవు మాత్రం చూసుకోండి. ఇంగ్లీషు మెసేజ్ ఒకదానికి 160 అక్షరాలు, తెలుగుకి 70. ఆ 70 కూడా మనం లెక్కపెట్టుకునే అక్షరాలు కావు. 'రొయ్యలు' చూపుకి మూడే అక్షరాలు, యూనికోడ్ లెక్కన ఏడు: ర, ఒత్వం, య, పొల్లు, య, ల, కొమ్ము. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఖర్చు ముక్కల లెక్కన పడుతుంది, రిట్రీవర్ కూడా 140 బైట్లకి మించిన మెసేజ్ పట్టుకోదు. '482913 మీ ఓటీపీ. ఎవరికీ చెప్పకండి.' అని, వెనక ఆ గుర్తు. అంకెలు ముందుండాలి, అప్పుడు నోటిఫికేషన్ పట్టీలోనే కనబడతాయి.

ఓటీపీ తెర మీద టైప్ చేసిన నంబరు పెద్దగా కనబడాలి, పక్కనే 'నంబరు మార్చండి'. ఒక అంకె తప్పు కొట్టి, ఎప్పటికీ రాని ఓటీపీ కోసం ఎదురుచూసేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువ. 30 సెకన్ల తర్వాత 'మళ్లీ పంపండి', ఆ తర్వాత 'ఫోన్ చేసి చెప్పండి'. కాల్‌లో అంకెలు తెలుగులో, ఒక్కొక్కటిగా, రెండుసార్లు వినిపించాలి. ఇంకో సంగతి: గట్టు మీదున్న ఫోన్‌లోని సిమ్ నంబరు ఒకటి, రైతు తన నంబరని చెప్పేది ఇంకొకటి, ఓటీపీ వెళ్లేది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కి. అలాంటప్పుడు కొడుకు ఎత్తేలోపు ఓటీపీ గడువు తీరకూడదు. 10 నిమిషాలు ఉంచండి. ఓటీపీ చూడటానికి యాప్ వదిలి వెళ్లి తిరిగొచ్చినా అదే తెర, టైప్ చేసిన నంబరుతో సహా, అలాగే ఉండాలి. తక్కువ ర్యామ్ ఫోన్ వెనక్కి వెళ్లిన యాప్‌ని చంపేస్తుంది, తిరిగొస్తే మళ్లీ మొదటి తెర. ఈ ఒక్క లోపానికే లాగిన్ వదిలేసేవాళ్లున్నారు.

అనుమతులు

ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక అనుమతికి మనిషి రెండుసార్లు 'వద్దు' అంటే ఆ పెట్టె మళ్లీ రాదు, సెట్టింగుల్లోకి వెళ్లి తనే మార్చుకోవాలి. అంటే మీ చేతిలో ఉన్నవి రెండే అవకాశాలు. యాప్ తెరవగానే లొకేషన్ అడిగి ఒకటి తగలేసుకోకండి. ముందు మీ సొంత తెరలో ఒక్క వాక్యం: 'మీ చెరువు దగ్గరి వాన కబురు చెప్పాలంటే చెరువు ఎక్కడుందో తెలియాలండి.' కింద 'సరే', 'తర్వాత'. 'సరే' అంటేనే ఫోన్ పెట్టె పిలవండి. 'తర్వాత' అంటే మీ రెండు అవకాశాలూ భద్రంగా ఉన్నాయి. రేటుకి లొకేషన్ అక్కర్లేదు, పిన్‌కోడ్ చాలు. వాన కబురుకి ఉజ్జాయింపు లొకేషన్ చాలు, ఆండ్రాయిడ్ 12 నుంచి అది ఇచ్చే వీలు మనిషికే ఉంది. ఉజ్జాయింపుతో పనిచెయ్యని యాప్ కట్టకండి.

నోటిఫికేషన్లకి ఆండ్రాయిడ్ 13 నుంచి అనుమతి కావాలి. అడగవలసిన చోటు ఒక్కటే: ఆయన 60 కౌంట్ వరస నొక్కి 'రేటు మారితే చెప్పండి' అన్నప్పుడు.

కాంటాక్టులు అసలు అడగవద్దు. అప్పుల యాప్‌లు కాంటాక్టులు లాక్కుని చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీసిన సంగతి ఊరూరా తెలుసు. 2023 మే 31 నుంచి అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని గూగుల్ నియమం పెట్టింది. మీరు 'మీ స్నేహితులను పిలవండి' కోసం అడిగినా, అవతలివాడికి గుర్తొచ్చేది ఆ గొడవే. పంచుకోవాలంటే వాట్సాప్ బటన్ ఉంది, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

వివరాలు తీసుకుంటున్నామన్న నోటీసు, ఒప్పుకోలు కూడా తెలుగులో ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంటుంది. ముందే టిక్కు పెట్టి ఉంచిన పెట్టె ఒప్పుకోలు కిందకి రాదు.

ఫారం

ఫారం ఎంత చిన్నదైతే అంత మంచిదని అందరూ చెప్పేదే. డెల్టాలో ఎక్కడ తట్టుకుంటారో చెప్పుకుందాం.

పేరు: ఒకటే పెట్టె. మొదటి పేరు, చివరి పేరు అని రెండు పెట్టెలు పెడితే ఇంటిపేరు ఎందులో వెయ్యాలో తెలియక సగంమంది తిరగేసి వేస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా ఒప్పుకోండి. తెలుగులో మాట్లాడేవాళ్లంతా తెలుగులో టైప్ చెయ్యరు.

జిల్లా: ఇది పెద్ద ముడి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత పట్టిక పెట్టిన యాప్‌లో రాజోలు మనిషి తన జిల్లా వెతికితే ఉండదు. కొత్త పట్టిక పెట్టినా చిక్కే. జిల్లా పూర్తి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, అక్షరక్రమంలో అది 'డ' దగ్గర ఉంటుంది, మనిషి వెతికేది 'క' దగ్గర. అలవాటు కొద్దీ తూర్పు గోదావరి నొక్కేవాళ్లూ ఉంటారు, అందులో వాళ్ల మండలం దొరకదు. అందుకే జిల్లా అడగకండి, ఆరంకెల పిన్‌కోడ్ అడిగి ఊళ్ల పేర్లు చూపించండి. భీమవరం 534201, అమలాపురం 533201. అంకెలు కొట్టడం అందరికీ వచ్చు. ఒక పిన్ కింద చాలా ఊళ్లుంటాయి కాబట్టి ఆఖర్న ఊరు ఎంచుకునే వరస ఒకటి ఉండాలి. 533 చూసి ఆంధ్రప్రదేశ్ అని బిగించేయకండి: యానాం పిన్ 533464, ఉన్నది పుదుచ్చేరిలో.

పాస్‌బుక్ నంబరు: మొదటి రోజు అడిగితే కౌలుదారులందరికీ తలుపు మూసినట్టే. ఈ నేల మీద సాగు చేసేవాడొకడు, పాస్‌బుక్ ఉన్నవాడు వేరొకడు కావడం మామూలు. 'సొంతమా, కౌలా?' అన్న ప్రశ్న కూడా అవసరం పడితేనే. కౌలు మాట కాగితం మీదకి రావడం కొందరికి ఇబ్బంది.

పుట్టిన తేదీ: అక్కర్లేకపోతే తీసెయ్యండి. అక్కరైతే సంవత్సరం ఒక్కటి, అంకెలతో. ఇవాళ్టి నెలలో తెరుచుకునే క్యాలెండరు పెడితే 1968లో పుట్టినవాడు 600కి పైగా నెలలు వెనక్కి నొక్కాలి.

ఫారం ఎంత అయిందో చూపించే గీత పెడితే పూర్తి చేసేవాళ్లు పెరుగుతారు, నిజాయితీగా పెడితేనే. 2006లో న్యూనెస్, డ్రెజ్ అనే పరిశోధకులు కార్లు కడిగే చోట కార్డులు పంచారు. ఒక రకం కార్డుకి 8 ముద్రలు కావాలి. ఇంకో రకానికి 10 కావాలి గానీ 2 ముందే వేసి ఇచ్చారు. మిగిలిన పని రెంటికీ ఒకటే. మొదటి రకం 19 శాతం మంది నింపారు, రెండో రకం 34 శాతం. కాబట్టి భాష ఎంచుకోవడం, కౌంట్ ఎంచుకోవడం అయిపోయిన మెట్లుగా లెక్కేసి '4లో 2 అయ్యాయి' అని మొదలుపెట్టండి. నాలుగు అయ్యాక అయిదోది తీశారో, ఆ గీతని ఇంకెవరూ నమ్మరు.

పెట్టించేది ఒకరు, వాడేది ఇంకొకరు

ఆన్‌బోర్డింగ్ గురించి చెప్పేవాళ్లు సాధారణంగా వదిలేసే సంగతి ఇది. యాప్‌ని ఫోన్‌లో వేసేది మేత షాపు కుర్రాడో, పండక్కి వచ్చిన కూతురో. ఆ రెండు నిమిషాలూ వాళ్లే చకచకా నొక్కేస్తారు, వివరించే బాణాలు, బుడగలు అన్నీ వాళ్లే చూసి మూసేస్తారు. అసలు మనిషి ఒంటరిగా తెరిచేది రెండ్రోజుల తర్వాత. అదే ఆయనకి మొదటిసారి. మీ యాప్ దృష్టిలో మాత్రం ఆయన పాతవాడు, ఏ సాయమూ కనబడదు.

కాబట్టి సాయాన్ని మొదటి తెరలకి కట్టెయ్యకండి. ఏ పని మొదటిసారి చేస్తుంటే ఆ పని దగ్గర ఒక్క వాక్యం రావాలి, ఆ పని ఒకసారి పూర్తయ్యాక పోవాలి. 'ఎలా వాడాలి' అన్నది ఎప్పుడూ ఒకేచోట దొరకాలి. లోపల 40 సెకన్ల తెలుగు వీడియో, ఒక ఫోన్ నంబరు, ఆ నంబరు ఎత్తే వేళలు. సాయం చేసినవాళ్ల నంబరుతో లాగిన్ అయి ఉంటే, తర్వాత నంబరు మార్చుకున్నా దాచుకున్న కౌంటు, చెరువు వివరాలు పోకూడదు.

గట్టు మీద పరీక్ష

అయిదుగురు చాలు. పెద్ద లోపాలు చాలావరకు అయిదుగురి దగ్గరే బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ఆ అయిదుగురూ ఒకే రకం వాళ్లు కాకూడదు: యాభై దాటిన రైతు, కౌలుదారు, ఇంట్లో లెక్కలు చూసే ఆవిడ, లంక ఊరి మనిషి, మేత షాపులో పనిచేసే కుర్రాడు. వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల డేటా మీదే, ఎండ ఉన్న వేళ చెయ్యాలి. 'ఇవాళ 60 కౌంట్ ఎంతుందో చూసి చెప్పండి' అని మాత్రం అని ఊరుకోండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకోండి. 'ఇదేంటండి?' అని అడిగితే జవాబు చెప్పకండి, 'మీకేమనిపిస్తోంది?' అనండి. ఆయన వాడిన మాటని అలాగే రాసుకోండి, ఆ బటన్ మీద ఉండవలసిన మాట తరచూ అదే అవుతుంది.

విడుదల అయ్యాక కొలవవలసింది: యాప్ తెరిచిన క్షణం నుంచి మొదటి రేటు కనబడేదాకా ఎన్ని సెకన్లు, ఏ తెర దగ్గర ఎంతమంది ఆగిపోయారు, ఓటీపీ అడిగినవాళ్లలో ఎంతమంది నింపారు. మర్నాడు, వారానికి, నెలకి ఎంతమంది తిరిగొచ్చారన్న లెక్క అందరూ చూస్తారు గానీ ఇక్కడ అది ఊరికే భయపెడుతుంది. వనామీ రకం రొయ్యల పంట సుమారు 100 నుంచి 120 రోజులు. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన వారానికి యాప్ పెట్టుకున్న రైతుకి రెండు నెలల దాకా రేటుతో పనిలేదు. నెల తర్వాత రాలేదు కాబట్టి ఆన్‌బోర్డింగ్ చెడిందనుకుని తెరలు మార్చేస్తే, బాగున్నదాన్ని పాడుచేసుకున్నట్టు. 'సీడ్ ఎప్పుడు వేశారు?' అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, 75వ రోజుకి 'రేట్లు చూసుకునే టైమొచ్చిందండి' అని ఒక్క కబురు పంపొచ్చు.

ఆ కబురు నొక్కి ఆయన తిరిగొచ్చినప్పుడు లాగిన్ పోయి ఉండకూడదు. నెలకే గడువు తీరే లాగిన్ పెట్టడం రేట్ల యాప్‌కి అక్కర్లేని కాపలా. 'మా కొత్త రూపం చూడండి' అన్న స్లైడ్లు రాకూడదు, స్టార్లు ఇమ్మని అడిగే పెట్టె అసలే రాకూడదు. భీమవరం, ఇవాళ్టి తేదీ, 60 కౌంట్ వరస మీద ఆయన అప్పుడెప్పుడో పెట్టుకున్న గుర్తు, దాని ఎదురుగా రేటు.